జేబులో దొరికిన నాలుగు నంబర్లు

“సరిగ్గా ఐదింటికి జీపు బయల్దేరుతుంది. ఐదున్నరకి వీడు మేజిస్ట్రేటు ముందుంటాడు. ఈలోపు మీరు ఎంత గింజుకున్నా లాభం లేదు, ఎంక్వయిరీ గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, గోడ గడియారం వైపు వేలు చూపిస్తూ. అప్పటికి రెండూ నలభై అయింది.

ఎంక్వయిరీ అంటే మా వదిన. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. అందులో పంతొమ్మిదేళ్లు “ఫలానా వారి నంబరెంతండీ” అని అడిగినవాళ్లకి నంబర్లు చెబుతూనే గడిపింది. రిటైరైన మర్నాడే ఇంటి ముందు “వివరాలు కనుక్కోబడును” అని బోర్డు పెట్టేసింది. నేను ఆవిడ మరిదిని. నాది కళ్లద్దాల షాపు. గిరాకీ లేనప్పుడు ఆవిడని స్కూటరు మీద తిప్పుతుంటాను. గిరాకీ ఉన్నప్పుడు కూడా తిప్పుతుంటాను, ఎందుకంటే ఆవిడకి కాదని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఎప్పుడు చూసినా నిప్పంటించినట్టే ఉంటాడని స్టేషన్లో వాళ్లే చాటుమాటుగా “తారాజువ్వ” అంటారు. పోయిన ఏడాది అతను తేల్చలేని కేసులు మూడు మా వదిన తేల్చింది. ఆ మంట అతనికి ఇంకా చల్లారలేదు. అందుకే ఈ రోజు అతని ఆనందం చూడాలి. పొద్దున్న కాపు కాయడానికి వేసుకున్న గళ్లచొక్కా కూడా మార్చుకోకుండా, మఫ్టీలోనే స్టేషనంతా కలియదిరుగుతున్నాడు.

కేసు చిన్నదే. ఊళ్లో ఒక టైలరమ్మకి ఏడు వారాలుగా ప్రతి గురువారం మూగ ఫోన్లు వస్తున్నాయి. ఎత్తితే మాట్లాడరు, పెట్టేస్తారు. ఆవిడ భయపడి పోలీసులకీ చెప్పింది, మా వదినకీ చెప్పింది. వదిన ఈ ఉదయం ఎక్స్ఛేంజిలో తన పాత శిష్యురాలి దగ్గర కూర్చుని ఆ కాల్స్ వివరాలు రాసుకుంటూ ఉంటే, తారాజువ్వ టైలరమ్మ ఇంటి పెరట్లో బొగ్గుల కొట్టు వెనక నక్కి కూర్చున్నాడు. పదకొండూ పదికి రావలసిన ఫోను ఈ గురువారం రాలేదు. పదకొండూ ఇరవై ఐదుకి మనిషే వచ్చాడు. పదకొండూ ముప్పై ఒకటికి తారాజువ్వ అతని మెడ మీద చెయ్యి వేశాడు.

“ఇల్లు ఖాళీగా ఉందో లేదో ఫోన్ చేసి చూసుకోవడం, అదను చూసి దూరడం. పాత పద్ధతే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పైగా వీడొక్కడే కాదు, ముఠా. ఇదిగో సాక్ష్యం. వీడి జేబులో దొరికింది.”

మడతలు పడి నలిగిపోయిన కాగితం బల్ల మీద పరిచాడు. నీలం సిరాతో ఒకదాని కింద ఒకటిగా నాలుగు నంబర్లు ఉన్నాయి.

3172
43172
243172
2243172

“ఆఖరుది టైలరమ్మ ఫోను. మిగతా మూడూ ముఠా దొంగతనాల తాలూకు నంబర్లు. ఈ ఏడాది ఊళ్లో తేలని దొంగతనాలెన్ని? మూడు! లెక్క సరిపోయిందా? ఇవాళ్టితో నాలుగు కేసులూ మూసేస్తున్నాను. ఏడేళ్లకి తక్కువ పడదు వీడికి.”

“మొదటిది నాలుగంకెలే ఉందే? ఫోను నంబరు కాదుగా?” అన్నాను.

“కాదు. ముఠా వాడిన బండి నంబరు. బయట బల్ల మీద కూర్చున్నాడే, ఆయన స్కూటరుది.”

తొంగి చూశాను. మా పేట స్కూల్లో డ్రిల్లు మాస్టారు, మెడలో విజిలుతో సహా, ఒంటి గంట నుంచీ అక్కడే కూర్చుని పళ్లు నూరుతున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయి, పక్కన హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడని విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

వదిన ఇవేవీ పట్టించుకోలేదు. ఆ కాగితం చూసిన దగ్గర్నించీ ఆవిడ మొహంలో ఏదో వెలుగు కనిపిస్తోంది. ఆ వెలుగు వచ్చిందంటే ఆ రోజుకి నా షాపు మూసుకోవలసిందేనని నాకు అనుభవం.

“ఒక్క ఐదు నిమిషాలు అతనితో మాట్లాడనివ్వండి,” అంది.

“పది తీసుకోండి. నాతో ఒక్క ముక్క చెప్పలేదు వాడు. పేరడిగితే నేల చూపులు, ఊరడిగితే గోడ చూపులు.”

వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు అతను. నలభై ఏళ్లుంటాయి. గడ్డం సగం నెరిసింది. ఎండకి, ఉప్పుగాలికి కమిలిన ఒళ్లు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. దొంగలు నిలబడరని కాదు గానీ, అతను నిలబడిన తీరు పెద్దవాళ్లు గదిలోకి వస్తే లేచినట్టు ఉంది.

“కూర్చో బాబూ. ఎక్కడ వంట చేస్తావు?” అంది వదిన.

అతను ఉలిక్కిపడ్డాడు. “ఓడలో,” అనేసి, అనవలసింది కాదన్నట్టు పెదవి కొరుక్కున్నాడు. అప్పుడు చూశాను నేను, అతని మణికట్ల మీద నూనె చింది కాలిన చుక్కలు. కళ్లద్దాలు అమ్మేది నేను, కళ్లు మాత్రం ఆవిడవి.

వదిన కాగితం అతని ముందు పెట్టింది. “కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. ఈ నంబర్లు కాస్త చదివి వినిపిస్తావా?”

కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది. నేను నోరు మూసుకున్నాను.

అతను సందేహిస్తూనే చదివాడు. “ముప్పై ఒకటి, డెబ్బై రెండు.” కాస్త ఆగాడు. “నాలుగు... ముప్పై ఒకటి, డెబ్బై రెండు. రెండు, నాలుగు... ముప్పై ఒకటి, డెబ్బై రెండు.”

“చాలు,” అంది వదిన మెత్తగా. “ఏడు వారాల్లో ఒక్కసారి కూడా ఎందుకు మాట్లాడలేదు?”

అతను కాగితాన్ని మడతల వెంట మళ్లీ మడవసాగాడు.

“పదకొండూ పదికే ఎందుకు చేశావు? పదకొండూ పదికి ఏమవుతుంది?”

అతను మడిచిన కాగితం వదిన చేతికిచ్చేశాడు. “ఆ ఇంటావిడ భయపడిందని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. నా తప్పే. క్షమించమన్నానని చెప్పండమ్మా. ఇంకేం అడక్కండి,” అన్నాడు.

బయటికి రాగానే తారాజువ్వ చేతులు కట్టుకుని నవ్వాడు. “అయిందా ఎంక్వయిరీ?”

“అతని దగ్గర ఇంకేం దొరికింది?”

“మారువేషం సామాను.” సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో కొత్త కళ్లజోడు ఉంది. “ఆడవాళ్లది. చూశారా? ఆడవేషం కూడా వేస్తాడన్నమాట వీడు!”

ఆ గడ్డంతో ఆడవేషం ఎలా వేస్తాడో అడుగుదామనుకున్నాను. కానీ ఇది నా రాజ్యం. కళ్లజోడు తీసుకుని ఎదర గోడ మీది క్యాలెండరు చూశాను, దగ్గరికి తెచ్చి నా అరచేతి గీతలు చూశాను. “ఇది చదువుకోవడానికి వాడేది. ప్లస్ రెండున్నర. పరీక్ష చేయించి చేసింది కాదు, తయారుగా దొరికేది. అరవై దాటిన ఆవిడ కోసం, ఆవిడ కళ్లు చూడకుండా, వయసు లెక్కేసి కొన్నారు,” అన్నాను.

వదిన నా వైపు చూసి తలాడించింది. పెళ్లయి మా ఇంటికొచ్చిన ముప్పై ఏళ్లలో ఆవిడ నన్ను అలా మెచ్చుకోవడం ఇది రెండోసారి. ఆ సంతోషంలో మూడు సార్లు కిక్కు కొట్టినా స్కూటరు స్టార్టు కాలేదు.

“ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది వదిన వెనక సీటెక్కి. “ఐదింటిలోగా ఈ నాలుగు నంబర్లూ దొంగతనాలవి కావని చూపిస్తే అతన్ని వదిలేస్తారా?”

“చూపించలేకపోతే?”

“నా బోర్డు మీరే వచ్చి పీకేసుకోండి.”

“సుత్తి సిద్ధం చేయించనా?” అన్నాడు తారాజువ్వ ఉత్సాహంగా.

మూడుంబావుకి టైలరమ్మ ఇంట్లో ఉన్నాం. ముందు గదిలో మిషను, గుడ్డల గుట్టలు, పక్కన చిన్న బల్ల మీద ఫోను ఉన్నాయి. వెనక గదిలో కిటికీ పక్కన మంచం మీద వాళ్ల అత్తగారు పడుకుని ఉంది.

“దొరికాడటగా! నా పీడ విరగడైంది,” అంది టైలరమ్మ, నోట్లో నాలుగు గుండుసూదులు ఉన్నా మాట తడబడకుండా. “నాలుగో వారం వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను వదినగారూ. ఏడు తరాలు గుర్తుంటుంది.”

“నాలుగో వారం కాల్ తొమ్మిది సెకన్లే ఉంది,” అంది వదిన చీటీ చూస్తూ.

“నేను తిట్టేది తిట్టాను. వాడు ఎప్పుడు పెట్టేశాడో నాకేం తెలుసు?”

“సరే. మొదటిది ఆరు సెకన్లు, తర్వాత ఎనిమిది, ఐదు, తొమ్మిది. ఐదో వారం మాత్రం నూట ఇరవై నాలుగు సెకన్లు ఉంది. ఆ రోజు ఏం మాట్లాడావు?”

టైలరమ్మ సూదులు తీసేసింది. మొహం ఎర్రబడింది. “ఆ రోజు ఎత్తింది నేను కాదు. నేను కొలతలకి వెళ్లాను. మా అత్తగారు ఎత్తింది. అవతల మాట్లాడకపోయేసరికి తన కూతురనుకుని, లైను సరిగా లేదనుకుని, నా గురించి రెండు నిమిషాలు చెప్పిందట! పులుసులో ఉప్పు దగ్గర్నించి మొదలుపెట్టి!”

“చెప్పవలసినవే చెప్పాను,” అంది మంచం మీంచి ఒక గొంతు.

“విన్నారా? ఆ దొంగ వెధవ కూడా శ్రద్ధగా విన్నాడు!”

వదిన నవ్వు ఆపుకుంటూ కిటికీ దగ్గరికి నడిచింది. నేనూ వెళ్లాను. పెరటి వైపు కిటికీ అది. అద్దాలన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఒక్క అద్దం మీద మాత్రం, నా మొహం ఎత్తులో, పళ్లెమంత మేర గుండ్రంగా తుడిచి ఉంది. గొళ్లెం మీద దుమ్ము దుమ్ములాగే ఉంది, వేలిముద్ర కూడా లేదు. మూడడుగుల దూరంలో పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

“ఈ తలుపు పొద్దున్న?”

“పగలంతా తెరిచే ఉంటుంది. గాలికి,” అంది టైలరమ్మ.

“అంటే, తెరిచి ఉన్న తలుపు వదిలేసి, కిటికీ అద్దం తుడుచుకుని, ఆరు నిమిషాలు నిలబడ్డాడన్నమాట,” అంది వదిన. తర్వాత మంచం అంచున కూర్చుని పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. “పిన్నిగారూ, పొద్దున్న మీరు ఇక్కడే ఉన్నారా?”

“ఎక్కడికెళ్తాను? కునుకు తీస్తున్నాను. కళ్లు సగం తెరిచేసరికి అద్దంలో ఒక గడ్డం మొహం కనిపించింది. కలేమో అనుకున్నాను. దొంగని తెలిస్తే అరిచేదాన్నే.”

“ఏం చేశాడు?”

“చూశాడు. ఒకటే చూపు. తర్వాత ‘కాదు’ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఊపి, నాకు నమస్కారం పెట్టాడు.” పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “కలలో కూడా ఈ మధ్య నాకెవరూ నమస్కారం పెట్టలేదమ్మా. అందుకే గుర్తుంది.”

గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మ వచ్చి అత్తగారి దుప్పటి అంచు సరిచేసింది.

వదిన లేచి ముందు గదిలోకి వెళ్లింది. “నీ ఫోను ఎప్పట్నుంచి ఉంది?”

“మా మామగారి కాలం నుంచి. ఈ కొత్త కాలనీ కట్టినప్పుడు పెట్టించారు.”

“అప్పుడు ఎన్ని అంకెలు?”

“ఆరు. అందరికీ ఐదుంటే మాకు ఆరేమిటని మామగారు అందరితో గొప్పలు చెప్పుకునేవారట.”

వదిన నా భుజం మీద గట్టిగా చరిచింది. “పద మరిదీ. అతను ఏ తప్పు చేశాడో తెలిసింది. చాలా మంచి తప్పు అది. లెక్క తెలిసినవాడే చెయ్యగలడు.”

దారిలో సామాన్ల లారీ అడ్డం తిరిగి రోడ్డంతా ఆగిపోయింది. స్టేషను చేరేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది. జీపు ఇంజను అప్పుడే ఒకసారి వేసి చూస్తున్నారు.

“సుత్తి దొరికింది,” అన్నాడు తారాజువ్వ మమ్మల్ని చూడగానే.

“అతన్ని ఇక్కడికి తీసుకురండి. ఫోను కూడా కావాలి,” అంది వదిన.

“అడగడానికి మీరెవరు? ఇది స్టేషను, మీ ఎక్స్ఛేంజి కాదు!”

“పందెం ఒప్పుకున్నది మీరే. భయమా?”

హెడ్ కానిస్టేబుల్ దగ్గు దగ్గినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు. తారాజువ్వకి చెవులు కందిపోయాయి. “ఏరా, ఇలా రా!” అని వెనక గదిలోకి కేకేశాడు. అతను వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. డ్రిల్లు మాస్టారు కూడా అడగకుండానే లోపలికి వచ్చి నిలబడ్డాడు. తన స్కూటరు సంగతి తేలేదాకా కదలనన్నాడు.

వదిన కాగితం తీసింది. “ఇవి నాలుగు నంబర్లు కావు, ఒక్కటే నంబరు. కాలం గడిచేకొద్దీ పొడుగైంది. మీరు పుట్టకముందు ఊరికంతటికీ నాలుగంకెలు చాలేవి. అప్పట్లో జంటలు జంటలుగా చెప్పేవాళ్లం. ముప్పై ఒకటి, డెబ్బై రెండు. ఇతనూ అలాగే చదివాడు. ముందు ఎన్ని అంకెలొచ్చి చేరినా ఆ రెండు జంటల్నీ విడదియ్యలేదు. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న నంబరది.”

“కథలు బాగున్నాయి.”

“వినండి. ఫోన్లు పెరిగాక కాలవ పక్క పేటకి ముందు నాలుగు చేర్చి ఐదంకెలు చేశారు. తర్వాత మళ్లీ చాలక, ఊరంతా ముందు ‘రెండు’ చేర్చి ఆరంకెలు చేశారు. నాలుగేళ్ల కిందట ఇంకో ‘రెండు’ చేర్చి ఏడంకెలు చేశారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. కాగితం మీద మెట్లలాగా కనిపిస్తూనే ఉంది కదా!”

తారాజువ్వ కాగితం వైపు చూశాడు. చూడనట్టు నటించాడు. “అయితే ఏమైంది? ఆఖరికి తేలింది టైలరమ్మ నంబరేగా? వీడు ఆ ఇంటి కోసమే వచ్చాడుగా?”

“అక్కడే ఉంది మెలిక. ఎక్స్ఛేంజి యంత్రానికి మనం నొక్కబోయే నంబరు ఎంత పొడుగో ముందు తెలీదు. ఒక నంబరు పూర్తయిందనుకోగానే కలిపేస్తుంది, ఆ తర్వాత ఎన్ని నొక్కినా వినదు. అందుకని ఏ నంబరూ ఇంకో నంబరుకి మొదలు కాకూడదు. ఊళ్లో ఐదంకెలున్న రోజుల్లో రెండుతో ఏ నంబరూ మొదలయ్యేది కాదు, అది ఖాళీగా ఉంచారు. కొత్త కాలనీ కట్టినప్పుడు ఆ ఖాళీలోంచే వాళ్లకి ఆరంకెల నంబర్లు ఇచ్చారు. రెండు, నలభై మూడుతో మొదలయ్యేవి. టైలరమ్మ మామగారికి వచ్చింది 243172.”

“ఆ.”

“ఆ తర్వాత ఊరంతా ముందు రెండు చేర్చమన్నారు. కాలవ పక్క పేటలో 43172 ఇంటికి రెండు చేరిస్తే ఏమవుతుంది?”

ఇన్‌స్పెక్టర్ పెదవులు కదిలాయి. జవాబు చెప్పింది మాత్రం డ్రిల్లు మాస్టారు. “అదే నంబరవుతుంది! ఒక నంబరుకి రెండిళ్లు!”

“కుదరదు కదా! అందుకని నలభై మూడుతో మొదలయ్యే ఇళ్లకి మాత్రం రెండు కాకుండా ఆరు చేర్చారు. ఆ సంగతి డైరెక్టరీ ఆఖరి పేజీలో అగ్గిపెట్టంత డబ్బాలో వేశారు. ఎవరూ చదవలేదు. ఎనిమిది నెలలు రోజుకి నలభై మందికి నేనే చెప్పాను, గొంతు బొంగురుపోయేదాకా. ఊళ్లో ఉన్నవాళ్లకి అలా తెలిసింది. ఆ ఏడాది ఊళ్లో లేనివాడికి ఎలా తెలుస్తుంది?” వదిన అతని వైపు తిరిగింది. “ఓడ మీద ఉన్నావు కదూ? తిరిగొచ్చాక ఊళ్లో వాళ్లని అడిగి, రూలు తెలుసుకుని, కాగితం మీద లెక్క కట్టావు. లెక్క తప్పలేదు బాబూ. రూలుకే మినహాయింపు ఉంది.”

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. “అంటే... అది మా నంబరు కాదా?”

“ఎప్పుడూ కాదు. నువ్వు ఫోన్ చేసింది అసలు మీ ఇంటికే కాదు.”

“మరి ఆ పెద్దావిడ...”

“ఆవిడ గొంతు విని రెండు నిమిషాలు పెట్టెయ్యలేకపోయావు. మీ అమ్మేమోనని. ఎన్నేళ్లయిందో, గొంతు గుర్తుపట్టలేకపోయావు. అందుకే ఆ నంబరున్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అద్దం తుడిచి మొహం చూశావు. కాదని తెలిసి దండం పెట్టి వెళ్లిపోబోయావు. అప్పుడే ఈయన పట్టుకున్నారు.”

అతను నేల వైపు చూస్తూ మాట్లాడాడు. “ఇరవై రెండేళ్లండి. నాన్నతో గొడవపడి వెళ్లిపోయాను. పద్దెనిమిదేళ్లప్పుడు. ఇప్పుడొచ్చి చూస్తే మా వీధే లేదు, కొట్టేసి పెద్ద రోడ్డు వేశారు. మిగిలింది ఆ నంబరొక్కటే. పదకొండు దాటితే అమ్మకి వంటయిపోతుంది, నాన్న ఆఫీసులో ఉంటారు. అప్పుడైతే అమ్మే ఎత్తుతుందని చేశాను. ఎవరో కొత్త గొంతు పలికేది. అమ్మ ఉందా అని అడిగితే, లేదంటే? అడగనంతసేపూ ఉన్నట్టే కదండీ. అందుకని పెట్టేసేవాణ్ని.”

“మరి పొద్దుట్నుంచీ ఈ మాట చెప్పడానికేం రోగం నీకు?” అన్నాడు తారాజువ్వ. గొంతులో మునుపటి నిప్పు లేదు.

“పెద్దకొడుకు ఇన్నేళ్లకొచ్చాడు, లాకప్‌లో ఉన్నాడని అమ్మకి కబురెళ్తుందనండి.”

నాకు ముక్కు చీదుకోవాలనిపించింది. జేబురుమాలు కోసం వెతుక్కుంటూ ఉంటే వదిన ఫోను ముందుకు లాక్కుని స్పీకరు నొక్కింది.

“వద్దమ్మా!” అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇరవై రెండేళ్లు... నంబరు ఎవరికో ఇచ్చేసి ఉంటారు. అసలు అమ్మ...”

“నిజమే, ఏమైనా అయ్యుండొచ్చు. నాకూ తెలీదు,” అంది వదిన. “కానీ ఇల్లు మారినా అదే పేటలో ఉంటే నంబరు మారదు. ఆ ఆశ ఒకటుంది. కలపనా, మానెయ్యనా? నువ్వే చెప్పు.”

గడియారంలో నాలుగూ నలభై ఆరు. అతను చెయ్యి తీసేశాడు.

వదిన ఏడంకెలు నొక్కింది. రెండు, ఆరు, నాలుగు, ముప్పై ఒకటి, డెబ్బై రెండు. మోగింది. మళ్లీ మోగింది. ఐదోసారి మోగుతుండగా ఎవరో ఎత్తారు.

“హలో,” అంది ఒక ఆడగొంతు, ఆయాసపడుతూ. “ఎవరూ?”

ఓడ వంటవాడు కొయ్యబారిపోయాడు. అది నేను ఊహించిందే. కానీ బల్లకి ఇటువైపు ఇన్‌స్పెక్టర్ కూడా కొయ్యబారిపోయాడు. అది మాత్రం మాలో ఎవరమూ ఊహించలేదు.

“ఆ ఫోన్ పెట్టెయ్యండి,” అన్నాడు. “అది... అది మా అమ్మ!”

వదిన మొదటిసారి నోరు తెరిచి ఉండిపోవడం చూశాను. “మీ ఇంటి నంబరు మీకు తెలీదా?”

“నా సెల్లులో అమ్మ అని ఉంటుంది! అమ్మ అని నొక్కుతాను! నంబరు ఎవడు చూస్తాడండీ!”

“హలో, ఎవరూ మాట్లాడరేం?” అంది ఆ గొంతు. తర్వాత నెమ్మదిగా, “ఎవరది... పెద్దోడా?” అంది.

ఏడు వారాలుగా నోరు విప్పని మనిషి ఒక్క మాట అన్నాడు. “అమ్మా.”

అవతల గడియారం టిక్కుటిక్కుమనడం స్పీకర్లో వినిపించింది.

“ఇరవై రెండేళ్లు పట్టిందట్రా నీకు ఒక నంబరు కలపడానికి?” అంది ఆవిడ. గొంతు వణుకుతోంది గానీ, తిట్టడంలో లోటేమీ లేదు. “ఇల్లు కొట్టేస్తే కాలవ పేటలోనే రెండు గదులు చూసుకున్నాను. చిన్నోడు క్వార్టర్స్‌కి రమ్మంటే వెళ్లలేదు. అక్కడికెళ్తే నంబరు మారిపోతుందట. మారిపోతే నువ్వెలా చేస్తావురా, వెధవా!”

“నాన్న...”

“ఆరేళ్లయింది. నీ మీద కోపం మాత్రం నువ్వెళ్లిన వారానికే పోయింది ఆయనకి. అది సరే, ఎక్కడున్నావు?”

అతను చుట్టూ చూశాడు. లాఠీలు, లాకప్పు ఊచలు, హెడ్ కానిస్టేబుల్. “ఇక్కడే... ఒక ఆఫీసులో ఉన్నానమ్మా. చిన్నోడు ఎలా ఉన్నాడు? ఏం చేస్తున్నాడు?”

బల్లకి ఇటు పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో చెప్పలేను. పొద్దుట్నుంచీ ఆ మనిషిని ఏరా అని పిలిచినవాడు, గళ్లచొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ ఫోను మీదికి వంగాడు.

“అమ్మా, నేను! అన్నయ్య మా స్టేషన్లోనే ఉన్నాడు. నా ఎదురుగానే ఉన్నాడు. పట్టుకున్నది నేనేనమ్మా! నేనొక్కణ్నే! ఎవరి సాయం లేకుండా!”

ఓడ వంటవాడు తల తిప్పి, తన మెడ పట్టుకుని లాక్కొచ్చిన ఆ కుర్రవాణ్ని పైనుంచి కిందిదాకా చూశాడు. వదిన నా వైపు చూసి కన్ను గీటింది. పోనీలే, ఈ కేసు అతనికే రాసిచ్చేద్దాం అని దాని అర్థం.

“పట్టుకున్నావా?” అంది ఆవిడ స్పీకర్లోంచి స్టేషనంతా వినపడేలా. “అయితే వదలకు. వాడేం చెప్పినా వినకు, ఎవరు చెప్పినా వినకు. చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చో. నేను బయల్దేరాను.”

తారాజువ్వ రెండు చేతులతోనూ అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.